రోజుకో దొంగ వాల్వు

మార్చి 3

మామయ్యకి,

ఫోన్ చేస్తే నీకు వినబడదు. అత్తయ్య మధ్యలో కూర్చుని నేను నాలుగు మాటలు చెబితే నీకు ఒకటి అందిస్తుంది, అదీ తనకి నచ్చినదే. అందుకని ఉత్తరం రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, కోపం తెచ్చుకోకుండా చదువు.

నన్ను పరీక్ష హాలుకి సూపర్‌వైజర్ని చేశారు. అంటే నీ కుర్చీయే. చెయ్యి ఊడితే నువ్వు తీగతో కట్టిన ఆ ఇనప కుర్చీ ఇంకా అలాగే ఉంది, కూర్చుంటే ఆ తీగ మోచేతికి గుచ్చుకుంటోంది. సంగతి చెప్పగానే అమ్మ "మా తమ్ముడి కుర్చీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూతురి ఉద్యోగం అని మాత్రం అనలేదు.

సంతోషం వారం రోజులే. నేను తలుపు తీయగానే హాల్లో మాటలు ఆగిపోతాయి. ఆరు తొట్లు, తొట్టికి ఇద్దరు ఆడవాళ్ళు, అంతా నువ్వున్నప్పటిలాగే. గ్యాస్ పొయ్యి వాల్వుకి గాలి గొట్టం తగిలించడం, నీళ్ళలో ముంచడం, బుడగ రాకపోతే తన నంబరు పంచ్‌తో గుద్ది ట్రేలో వేయడం. పని జరుగుతోంది. కానీ చెప్పినన్ని చేసి చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఒక్కటి ఎక్కువ చేయరు, ఒక్క మాట ఎక్కువ చెప్పరు. పోయిన నెల కారుతున్న వాల్వులు రెండు దుకాణాల నుంచి వెనక్కి వచ్చాయి. మేనేజరు వాటిని నా బల్ల మీద పెట్టి, మీ మామయ్య ఉన్నప్పుడు ఏళ్ళ తరబడి ఒక్కటి కూడా రాలేదు అని చెప్పి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

కొంగమ్మ ఇంకా ఉంది. నీళ్ళలోకి కొంగలా చూస్తుందని నువ్వే పెట్టావట ఆ పేరు. నువ్వు రిటైరయ్యాక నేను చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఆవిడే, నా జడ తొట్టిలో పడుతుంటే ముడివేసిన మనిషి. ఇప్పుడు నన్ను మేడమ్ అంటోంది. ఆ మాట వింటే ఎవరో పరాయిదాన్ని పిలిచినట్టుంది.

నీ కోసం వాళ్ళు ప్రాణం పెట్టారని ఊరంతా చెబుతారు. ఎలా మామయ్యా? ఏం చేసేవాడివి? దాచకుండా రాయి.

నీ మేనకోడలు

మార్చి 11

కోడలు పిల్లకి,

ఆ తీగ నేను కట్టింది కాదు, నా ముందాయన కట్టింది. మోచేతి కింద గుడ్డ పెట్టుకో, నేనూ అదే చేశాను. మీ అమ్మ ఏడుపు సంగతి పట్టించుకోకు, మా అక్క రైలెక్కినా ఏడుస్తుంది, దిగినా ఏడుస్తుంది.

మీ అత్తయ్య బాగానే ఉంది. పై వాటాలోని పంతులమ్మ మొక్కలకి పోసే నీళ్ళు మా కిటికీ మీద పడుతున్నాయని రెండు వారాలుగా యుద్ధం చేస్తోంది. నాకు వినబడదు కాబట్టి నేను ఇద్దరి పక్షానా తల ఊపుతున్నాను. చెవులు ఫ్యాక్టరీకి ఇచ్చేసి వస్తే ఈ ఒక్క లాభం మిగిలింది.

ఇక నువ్వడిగినది. అరిస్తే చేతులు కదులుతాయి గానీ కళ్ళు పనిచేయవమ్మా. ఆ హాల్లో పని చేతులతో కాదు, కళ్ళతో. మనిషి రెండు గంటలు ఏ తప్పూ లేని నీళ్ళు చూస్తే, మూడో గంటకి తప్పున్నా కనబడదు. కళ్ళు తెరిచి నిద్రపోతారు. అందుకే రోజుకో దొంగ వాల్వుని వదిలేవాణ్ణి. చెడిపోయిన వాల్వు ఒకటి తీసుకుని, మర లోపల ఆకురాయితో చిన్న గీత గీసి, ఏదో ఒక ట్రేలో కలిపేసేవాణ్ణి. దాన్ని పట్టుకున్న మనిషిని అరగంట ముందు ఇంటికి పంపేవాణ్ణి. అంతే. దొంగ కోసం వెతికే కళ్ళకి అసలు తప్పు దొరక్కుండా పోదు. ఏ పుస్తకంలోనూ లేని ఉపాయం ఇది, మీ మామయ్య బుర్రలో పుట్టింది.

కొంగమ్మ ముట్టుకున్న వాల్వుని నేను ఇంకోసారి చూడలేదు. ఆవిడ దగ్గర జాగ్రత్తగా మసలుకో, మాట తక్కువ మనిషి, కానీ ఆ హాలు నిలబడింది ఆవిడ కళ్ళ మీదే.

మీ అత్తయ్య కూడా ఏదో రాయమంది. ఏమిటో వినబడలేదు.

చెవిటి మామయ్య

ఏప్రిల్ 6

మామయ్యకి,

నీ మందు పనిచేసింది. మూడు వారాలుగా రోజుకొకటి, ఒక్కోరోజు రెండు, వదులుతున్నాను. గీత గీసిన వాటి లెక్కకి ఒక చిన్న పుస్తకం పెట్టాను. ఎవరి ట్రేలో వేశానో, పట్టుకున్నారో లేదో రాసుకుంటాను. వదిలేసిన వాళ్ళ నంబర్లు ప్రతి శనివారం గోడ మీద అంటిస్తున్నాను. మొదటి వారం ఏడు నంబర్లు, పోయిన శనివారం ఒక్కటే. మేనేజరు ఆ కాగితాన్ని ఫొటో తీసి పైవాళ్ళకి పంపాడు. మిగతా హాళ్ళలో కూడా పెడతారట, నువ్వు కాలరెగరేసుకోవచ్చు.

మొదటిరోజు ఒక తమాషా జరిగింది. దొంగని కొంగమ్మ ట్రేలో వేశాను. పది నిమిషాల్లో పట్టేసింది. పట్టి ఊరుకుందా, మొత్తం ఆరు తొట్లకీ గాలి ఆపించేసింది. స్టోరుకి వెళ్ళి వాషర్ల పెట్టెలన్నీ బల్ల మీద బోర్లించి, ఒక్కో రబ్బరు ముక్కనీ వేళ్ళతో వంచి చూడడం మొదలుపెట్టింది. నేను మేనేజరు గదిలో ఉన్నాను. వచ్చేసరికి గంటయింది. అది నేను వేసిందేనండీ, ఊరికే చూద్దామని, అని చెప్పాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ రబ్బరు ముక్కలన్నీ ఎత్తి పెట్టెల్లో పోసి, వచ్చి కూర్చుంది.

గంట పని పోయిందని మేనేజరు నా మీద పడ్డాడు. నేను ఈ కుర్చీలోకి వచ్చి అప్పటికి నెల కాలేదు మామయ్యా, ఏం చేయను. అడక్కుండా తొట్లు ఆపింది ఆవిడేనని చెప్పాను. ఆవిడకి ఒక మెమో ఇచ్చారు. కాగితమే కదా, జీతంలో కోత లేదు. అప్పటి నుంచీ ఒక పద్ధతి పెట్టాను. చెడ్డది దొరికితే తొట్టి ఆపనక్కర్లేదు, కేకలు వేయనక్కర్లేదు, నా బల్ల మీది పెట్టెలో నంబరు చీటీతో పడేస్తే చాలు. ఎంత నిశ్శబ్దంగా జరుగుతోందో పని, నువ్వు చూడాలి. అమ్మ నిన్ను ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమంది.

నీ శిష్యురాలు

ఏప్రిల్ 12

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి కూడా అందులో అదే ఉంది.

నువ్వు వాళ్ళకి చెప్పకుండా వేశావా?

పొద్దున హాల్లోకి అడుగుపెట్టగానే నేను వేసే మొదటి కేక "దొంగ దిగాడమ్మా" అని. దొంగ ఉన్నాడని పన్నెండు మందికీ తెలుసు. ఎక్కడున్నాడో తెలియదు, అంతే. అది ఆట. సాయంత్రం లోపల దొరక్కపోతే నేనే నా చేత్తో ట్రే వెతికి తీసేసి, ఇవాళ దొంగ గెలిచాడు, రేపు చూద్దాం అనేవాణ్ణి. ఎవరు వదిలేశారో ఏనాడూ రాయలేదు, అడగలేదు. ఇదంతా వేరే రాయాలని నాకు తట్టలేదు. అన్నం తినడానికి నోరు తెరవాలని ఎవరైనా రాస్తారా?

నువ్వు చేసింది ఆట కాదు, వల. దాని మీద నా పేరు రాసి మిగతా హాళ్ళకి పంచుతున్నావు.

పైగా కొంగమ్మకి మెమో. తప్పు దొరికితే తొట్లు ఆపి స్టోరులోకి పరిగెత్తాలని ఆవిడకి నేర్పింది ఎవరనుకున్నావు? ఎవరూ నేర్పలేదు. ఒక చెడ్డ వాల్వు కనబడితే దాని తోబుట్టువులు ఎన్ని ఉన్నాయో అని ఆవిడకి గుండె దడ. జీతానికి పనిచేసే మనిషికి అలాంటి దడ ఉండదు. నువ్వు నవ్వింది దాన్ని చూసి. మేనేజరు అరిస్తే ఆ అరుపు నువ్వు కాయాలి, కిందకి జారవిడవకూడదు. కుర్చీ అంటే అదేనమ్మా, ఇంకేం లేదు.

రేపే వెళ్ళు. అందరి ముందూ నవ్వారు కాబట్టి అందరి ముందే తప్పయిందని చెప్పు. ఆ కాగితాలు గోడ మీంచి పీకెయ్. నా మేనకోడలివని ఆ కుర్చీ ఇచ్చారు, నా పేరు నిలబెట్టకపోయినా ఫరవాలేదు, ముంచకు.

మామయ్య

ఏప్రిల్ 20

మామయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. మీ మేనకోడల్ని కాబట్టి కుర్చీ ఇచ్చారని రాశారు. ఎనిమిదేళ్ళు ఆ నీళ్ళలో చేతులు నానబెట్టి, రెండు పరీక్షలు రాసి, ముగ్గురు మగవాళ్ళని దాటి వచ్చాను. ఆ సంగతి మీకు తెలుసనుకున్నాను.

దూరపు కొండలు నునుపు. మీ రోజుల్లో రోజుకి ఆరు వందల వాల్వులు, ఇప్పుడు పదహారు వందలు. పొద్దున్నే కేకలు వేసి ఆటలాడించే తీరిక నాకు లేదు. అయినా మీరు చెప్పిందే చేశాను. చెప్పనిది నాకెలా తెలుస్తుంది?

మీ కొంగమ్మ సంగతి కూడా వినండి. పధ్నాలుగో తారీఖున నేను రెండు వేశాను. నా పెట్టెలో ఆవిడ చీటీతో ఐదు వచ్చాయి. పదిహేనున ఒకటి వేస్తే నాలుగు. పదహారున అసలేమీ వేయలేదు. ఆవిడ మూడు తెచ్చి పడేసింది. గీత లేని వాటిని విప్పించి చూశాను. అన్నిటిలోనూ రబ్బరు వాషరు అంచు చీలి ఉంది, ఒకేలా. ఆవిడ భర్త మంచం మీద ఉన్నాడు, అరగంట ముందు ఇంటికి వెళ్ళడం ఆవిడకి కావాలి. పట్టిన ప్రతిసారీ అరగంట అన్న పద్ధతి మీదే. లెక్క కలిపితే ఎవరికైనా అర్థమవుతుంది. చిన్న బ్లేడు చాలు.

పిలిచి అడిగాను. ఇవి నీకెక్కడివి అంటే, "మీరు వేసినవే కదా మేడమ్" అంది. నేను వేయలేదంటే నా మొహం కేసి చూసి, "ఏది మీదో ఏది కాదో చూసుకోవడం నా పని కాదని మెమోలో రాశారు కదా" అంది. ఇంత పొగరు మీ హయాంలో సహించారేమో. నేను సస్పెన్షన్‌కి రాసి పంపాను, పదిహేడు నుంచి ఆవిడ రావడం లేదు. ఆవిడ పధ్నాలుగో నంబరు పంచ్ నా సొరుగులో ఉంది. కొత్త పంచ్ చేయించడానికి నెల పడుతుందట, అందుకని కొత్తగా చేరిన ఆవిడకి రేపటి నుంచి అదే ఇస్తున్నాను. పని ఆగదు.

ఆవిడ మీద జాలితో మళ్ళీ రాయకండి.

మేనకోడలు

ఏప్రిల్ 24

అమ్మాయీ,

మీరు అని రాశావు. సరే. ఇది మాత్రం చదువు.

ఆ చీలిన వాషర్లు కిటికీ దగ్గర పెట్టి చూడు. బ్లేడుతో కోస్తే అంచు నున్నగా ఉంటుంది. రబ్బరు ముదిరిపోతే అంచు పొడిగా రాలుతుంది, గోరుతో గీకితే నల్ల పొడి అంటుకుంటుంది. పొడి అంటితే ఆ పెట్టె మొత్తం పాడు, ఆ రబ్బరుతో చేసిన ప్రతి వాల్వూ పాడు. వెంటనే లారీ ఆపు.

మూడు రోజుల్లో తొమ్మిది అసలు తప్పులు పట్టి నీ బల్ల మీద పెట్టింది ఆ మనిషి. నువ్వు వేసిన దొంగలే అనుకుని పెట్టింది. నువ్వేమో ఆవిడే దొంగ అనుకున్నావు. నీ పుస్తకంలో వేసినవి రెండు, దొరికినవి ఐదు అని ఉంటే, ఆ మూడూ ఎక్కడివని రబ్బరుని అడగాలి, మనిషిని కాదు.

ఉత్తరం చేరేలోపు ఆలస్యమవుతుందని ఇవాళ మీ అత్తయ్య చేత ఫ్యాక్టరీకి ఫోన్ చేయించాను. నువ్వు మీటింగులో ఉన్నావన్నారు. రబ్బరు చూడమని చెప్పమన్నాం. చెప్పారో లేదో.

మామయ్య

మే 19

మామయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఇక్కడికి రెండు వీధుల అవతల ఒక ఆసుపత్రి క్యాంటీన్ ఉంది. మే ఏడున పొద్దున అక్కడి వంటావిడ పొయ్యి వెలిగించింది. ముందు నుంచే గ్యాస్ కారుతోంది. రెండు చేతులూ, మెడ, మొహంలో ఒక పక్క కాలిపోయాయి. బతికింది. కుడి చేతి వేళ్ళు ఇక విచ్చుకోవట. వాల్వు మనదే. విప్పితే వాషరు రెండు ముక్కలై ఉంది, గోరు తగిలితే నల్ల పొడి.

నీ ఏప్రిల్ ఉత్తరం నేను చదవలేదు. కవరు మీద నీ చేతిరాత చూసి, మళ్ళీ తిట్లే అనుకుని సొరుగులో పడేశాను. అత్తయ్య ఫోన్ చేసినరోజు గుమాస్తా వచ్చి, మీ మామయ్య కొంగమ్మ గురించి ఏదో అడగమన్నారట అన్నాడు. సిఫార్సు అనుకుని తిరిగి చేయలేదు. మే ఎనిమిదిన కవరు చింపాను. చింపి చదివి, లారీల పుస్తకం తీసి తారీఖు చూశాను. లారీ ఏప్రిల్ ఇరవై ఎనిమిదిన వెళ్ళింది. నీ ఉత్తరం ఇరవై ఏడునే నా సొరుగులో ఉంది.

నాలుగు వేల వాల్వులు వెనక్కి తెప్పిస్తున్నారు. కమిటీ వేశారు. వాల్వు మీద నెల, నంబరు ఉంటాయి తప్ప తేదీ ఉండదు. ఏప్రిల్, పధ్నాలుగు. అది చూసి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పధ్నాలుగు అంటే కొంగమ్మ, ఆవిడ మీద అప్పటికే మెమో ఉంది, సస్పెన్షన్ ఉంది, ఏప్రిల్ సగం దాకా పనిచేసింది. కథ తయారుగా ఉంది, కలపడమే తరువాయి.

కానీ ఆ వాల్వు వెళ్ళిన పెట్టె తాలూకు ప్యాకింగ్ చీటీ నేను చూశాను. ఆ వాల్వు తొట్టిలో మునిగింది ఏప్రిల్ ఇరవై ఐదున. కొంగమ్మ వెళ్ళిపోయిన ఎనిమిదిరోజులకి. ముంచింది కొత్తావిడ, బుడగకీ తుంపరకీ తేడా ఇంకా తెలియని మనిషి. పంచ్ ఇచ్చింది నేను. ఈ సంగతి నాకు తెలుసు, మేనేజరుకి తెలుసు. కొత్తావిడకి ఆ నంబరు ఎవరిదో కూడా తెలియదు. మేనేజరు ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఎలాగూ పోయిన మనిషే కదా అన్నాడు. పోకుండా ఉన్న మనిషి పోవడం ఎందుకు అన్నాడు.

తప్పు కొంగమ్మదేనన్న రిపోర్టు మీద నిన్న సంతకం పెట్టాను.

సంతకం సంగతి అమ్మకి చెప్పలేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని నీకు తెలుసు. నువ్వు తిట్టినా సరే, మాట్లాడకుండా మాత్రం ఉండకు. హాల్లో ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు. చెడ్డది దొరికితే నా పెట్టె దాకా కూడా రావడం లేదు, ట్రే అడుగున తోసేస్తున్నారు. నిన్న నేనే వెతికి నాలుగు తీశాను.

నీ
మేనకోడలు

మే 28

అమ్మాయీ,

తిట్టడం లేదు. తిట్టే అర్హత నాకు ఎంత ఉందో ఇందులోనే రాస్తాను.

ఇరవై మూడున బస్సెక్కి మీ ఊరు వచ్చాను. మీ ఇంటికి రాలేదు, మీ అమ్మకి చెప్పొద్దు. కొంగమ్మ ఇంటికి వెళ్ళాను. మేడ మెట్ల కింద రెండు గదులు. భర్త మంచం మీదే ఉన్నాడు, గొంతు మాత్రం గట్టిది, నాకు వినబడేలా మాట్లాడింది ఆ ఇంట్లో ఆయనొక్కడే. ఆవిడ చెప్పే మాటలన్నీ ఆయన మంచం మీంచి నాకు అరిచి చెప్పాడు.

అంతకుముందు ఒక అబద్ధం సరిచేయాలి. దొంగ వాల్వు నా బుర్రలో పుట్టలేదు. నేను చేరిన మూడో ఏడు కొంగమ్మ నా దగ్గరికొచ్చి, "అయ్యా, ఈ నీళ్ళు చూసి చూసి మాకు కళ్ళు మూతబడుతున్నాయి. రోజుకొక చెడ్డది మాకు తెలిసేట్టు వదలండి, వెతుక్కుంటాం" అంది. మాకు తెలిసేట్టు అనే మాట కూడా ఆవిడదే. సాయంత్రం దొరక్కపోతే మీరే తీసెయ్యాలి, ఎవరి పేరూ రాయకూడదు అని షరతు పెట్టింది కూడా ఆవిడే. కాపలా పెట్టమని అడిగింది ఆ కాపలా కింద పనిచేసే మనిషే. ఆ ఏడాది పైవాళ్ళు వచ్చి మెచ్చుకుంటే, ఎవరి ఆలోచన అంటే, నాదే అన్నాను. ఆవిడ పక్కనే ఉంది. విని ఊరుకుంది. ఇరవై ఏళ్ళు ఆ అబద్ధాన్ని మోసీ మోసీ నాకే నిజమైపోయింది. నీకు రాసినప్పుడు కూడా కలం తడబడలేదు. ఇది కొంగమ్మ పద్ధతి, వెళ్ళి ఆవిణ్ణి అడుగు అని ఒక్క ముక్క రాసి ఉంటే, నువ్వు వెళ్ళేదానివి. ఆవిడ చెప్పేది. ఆ వంటావిడ వేళ్ళు విచ్చుకునేవి. వాళ్ళు నా కోసం ప్రాణం పెట్టారని ఊరు చెబుతుందే, పెట్టారు. నేను వాళ్ళకి ఏం పెట్టానో ఎవరూ అడగలేదు.

ఇదంతా ఆవిడ ముందు చెప్పి చేతులు జోడించాను. తెలుసండీ అంది. అంతే.

నీ ఏప్రిల్ ఇరవై ఉత్తరం నా జేబులో ఉంది. పంచ్ నీ సొరుగులో ఉందనీ, వేరే మనిషికి ఇస్తున్నాననీ నీ చేత్తో, తారీఖు వేసి రాసిన ఉత్తరం. అది తీసి చూపించాను. ఇది కమిటీకి ఇస్తే నీ పేరు మీది మచ్చ పోతుందమ్మా, ఇచ్చేసి వెళతాను అన్నాను. నిజంగానే ఇచ్చేవాణ్ణి.

ఆవిడ ఒద్దంది. "ఆ అమ్మాయి మిమ్మల్ని నమ్మి రాసుకున్న ఉత్తరం అది. దాంతో పట్టిస్తే, నా ట్రేలో ఆ అమ్మాయి చేసిన పనే మీరు ఆ అమ్మాయికి చేసినట్టు. చెబితే తనే చెప్పాలి. చెప్పకపోతే ఒద్దు." ఆయన అరుస్తుంటే ఈ మాటలు మెట్ల మీద పోయేవాళ్ళకి కూడా వినబడ్డాయి.

మా అమ్మాయి చెబితే నీ ఉద్యోగం తిరిగి వస్తుంది కదా అన్నాను. వచ్చినా వెళ్ళనంది. ఇది నువ్వు నిదానంగా చదవాలి. "చివరి మూడు రోజులూ నీళ్ళలో బుడగ కనబడగానే నాకు మేడమ్ మొహం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళలో ఏనాడూ అలా లేదు. బుడగ కనబడితే, ఇది వెళ్ళే ఇంట్లో పొయ్యి ముందు నిలబడే మనిషి గుర్తొచ్చేది. అలాంటి కళ్ళు పాడయ్యాక ఆ తొట్టి దగ్గర కూర్చోకూడదు." ఇది చెప్పేటప్పుడు ఆయన అరవలేదు. ఆవిడే నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది.

కాబట్టి ఉత్తరం నా దగ్గరే ఉంది. కమిటీకి పంపను. ఇంకా టైముంది, రిపోర్టు పైకి వెళ్ళేది జూన్ పదిన అని నువ్వే మీ అమ్మతో అన్నావట, ఫోన్లో మీ అత్తయ్యకి చెప్పింది. వెళ్ళి నువ్వు చెప్పు. ఉద్యోగం పోతే నా పింఛనులో సగం మీ అమ్మకి పంపుతాను, మీ అత్తయ్య కూడా ఒప్పుకుంది. కొంగమ్మ ఎదురుచూస్తోందని అనను, ఎదురుచూడటం లేదు. నేను చూస్తున్నాను.

మామయ్య

జూన్ 2

మామయ్య గారికి,

మీ ఉత్తరం చదివాను. రెండు రాత్రులు నిద్ర లేదు. మీరు చెప్పిందంతా నిజమే, కాదనను.

మేనేజరు పిలిచి మాట్లాడాడు. కమిటీ ముందు మాట మారిస్తే ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు నా మీద పడుతుందన్నాడు. పంచ్ నేను ఇచ్చాను కాబట్టి వంటావిడ కాలిన చేతులకి నేనే జవాబుదారీనట. కొంగమ్మకైతే ఉద్యోగం పోతుంది, అంతే. ఎలాగూ రానని ఆవిడే అంటోంది కదా మామయ్య గారూ. రానప్పుడు ఎవరి నంబరు మీద ఉంటే ఆవిడకి ఏమిటి? ఇది రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఒక చిన్న పని చేసిపెట్టండి. ఆ ఏప్రిల్ ఇరవై ఉత్తరం నాకు తిరిగి పంపండి. మీ మీద నమ్మకం లేక కాదు. ఇంట్లో వస్తూ పోతూ ఉండేవాళ్ళుంటారు, అత్తయ్య మాట ఆగదు, రేపు మీకేమైనా అయితే అది ఎవరి చేతిలో పడుతుందో. నా దగ్గరుంటే నిశ్చింత. మామూలు పోస్టులో వద్దు, రిజిస్టర్ చేయండి. పదో తారీఖు లోపల అందాలి.

అమ్మ మీ ఆరోగ్యం అడిగింది.

మేనకోడలు

జూన్ 6

అమ్మాయికి,

అడిగిన ఉత్తరం ఇందులో పెట్టాను. రెండు పేజీలూ ఉన్నాయి, చూసుకో. రిజిస్టర్ చేశాను.

నకలు తీసి ఉంచుకోలేదు. నమ్మడం నీ ఇష్టం.

మామయ్య